ముచ్చటగా మూడు, ఎనిమిది సార్లు

ఆదివారం మధ్యాహ్నం వంజరం పులుసుతో భోంచేసి నడుం వాల్చబోతుంటే మా అక్క కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. ఫోన్లో రెండు ప్రోగ్రాములు తెరిచి పెట్టుకున్నాడు. ఒకదాంట్లో ఐదు సెట్లు, సెట్‌కి ఐదు రెప్స్ (బరువు ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసే రెప్స్ ఒక సెట్). ఇంకోదాంట్లో మూడు సెట్లు, పదేసి రెప్స్.

"మావయ్యా, ఐదైదులా, మూడు పదులా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఐదైదులు" అన్నాను నిద్రమత్తులో. వాడు సంతోషంగా వెళ్ళిపోయాడు. నాకే నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను ఐదైదులు చెయ్యను. మూడు పదులు అసలే చెయ్యను. నేను చేసేది మూడేసి రెప్స్‌తో ఎనిమిది సెట్లు. అది చెబితే ఎందుకో కూడా చెప్పాలి, అది పెద్ద కథ, అందుకని తేలిగ్గా తప్పించుకున్నాను. ఆ కథేదో ఇక్కడే చెబుతాను. బార్ కింద దూరడం అలవాటున్నవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి స్క్వాట్ అంటే ఏమిటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టను.

నేను అనేది ఇంతే. బరువు నిజంగా హెవీ అయినప్పుడు, "ఒక సెట్లో ఎన్ని లాగగలను?" అని అడగడమే తప్పు. ఈ రోజు మొత్తం ఎన్ని మంచి రెప్స్ కావాలో ముందు అనుకోవాలి. తర్వాత వాటిని చిన్న చిన్న సెట్లుగా విడగొట్టుకోవాలి. బరువు పెరిగేకొద్దీ సెట్లో రెప్స్ తగ్గాలి, సెట్ల సంఖ్య పెరగాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులుగా ఉంటుంది: సెట్లు మూడే, ఆ మూడింట్లోనే ప్రాణం పోయేదాకా లాగడం.

నోట్‌బుక్ ఆడిట్

నేను షిప్పింగ్ క్లియరింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో జిమ్‌లో చేరాను, ఇప్పుడు నలభై నాలుగు. వృత్తి జబ్బు కొద్దీ మొదటి రోజు నుంచీ ఒక లాంగ్‌సైజు నోట్‌బుక్‌లో ప్రతి సెట్టూ రాసుకుంటున్నాను. బరువు, రెప్స్, పక్కన చిన్న రిమార్కు. "బాగుంది", "వంగింది", "మోకాలు లోపలికి పోయింది", "తన్నుకుంటూ లేచాను". జిమ్‌లో పిల్లలు నన్ను పద్దుల అన్న అంటారని ఈ మధ్యే తెలిసింది.

మూడేళ్ళ క్రితం దాకా నాదీ మూడు సెట్ల లెక్కే. స్క్వాట్ (బార్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం) తొంభై కిలోలతో మూడు ఎనిమిదులు, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) ఇంకాస్త ఎక్కువతో మూడు ఎనిమిదులు. ఒక సాయంత్రం డెడ్‌లిఫ్ట్ మూడో సెట్లో ఆరు అయ్యాయి. ఏడోది ఎలాగో లేచింది. దించేద్దామనుకుంటుంటే అప్పటి ట్రైనర్ పక్కన నిలబడి "ఇంకొక్కటి సార్, ఇంకొక్కటి, మీవల్ల అవుతుంది!" అని చప్పట్లు కొట్టాడు. అయింది. బార్ మోకాలు దాటాక నడుంలో కలుక్కుమంది. మూడు వారాలు స్కూటర్ స్టాండు వెయ్యలేకపోయాను. తుమ్ము వస్తుందంటే గోడ పట్టుకునేవాణ్ణి. ఆ ఆషాఢ పౌర్ణమికి ఇంట్లోవాళ్ళందరూ సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళి 32 కిలోమీటర్లు నడిచొచ్చారు. నేను ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. "అప్పన్న కొండ చుట్టూ నడవలేనివాడివి, ఇనప్పలకలు ఎత్తితే ఎంత, ఎత్తకపోతే ఎంత" అంది మా అమ్మ. ఆవిడ మాటల్లో ఎప్పుడూ కాస్త నిజం ఉంటుంది.

తప్పు ట్రైనర్ మీద తోసెయ్యను. చప్పట్లు అతనివి, నడుం నాది. ఆపాల్సింది నేనే.

మంచం మీద వేరే పని లేక పాత నోట్‌బుక్కులు తీసి ఆడిట్ మొదలుపెట్టాను. చెడ్డ రిమార్కు ఉన్న చోటల్లా ఎర్ర ఇంకుతో చుక్క పెట్టాను. చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే పెద్ద తెలివేమీ అక్కర్లేదు. దాదాపు అన్నీ సెట్‌లో చివరి రెండు రెప్స్ దగ్గరే. అందులోనూ మూడో సెట్లోవే ఎక్కువ. మొదటి మూడు రెప్స్‌లో ఒక్క చుక్క కూడా లేదు. ఒక్కటి కూడా.

ఆఫీసులో అయితే ఇలాంటి చోట అడిగే ప్రశ్న ఒకటే: నష్టం ఎప్పుడూ ఈ రెండు పద్దుల నుంచే వస్తుంటే, వీటివల్ల లాభం ఎంత? వీటిని తీసేస్తే మొత్తం ఎలా నింపాలి?

మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. ఎనిమిది మూళ్ళూ ఇరవై నాలుగే. ఎక్కాల పుస్తకంలో రెండూ ఒకటే. నడుముకు ఒకటి కాదు.

మొదటి రెప్

హెవీ లిఫ్ట్‌లో పనితనం అంతా ఎక్కడుందో ఒకసారి చూడండి. బార్ దగ్గరికి నడవడం. చేతులు ఎంత దూరంలో పెట్టాలో చూసుకోవడం. బార్ వీపు మీద ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టడం. పొట్ట నిండా గాలి పట్టి బిగించడం. ర్యాక్ నుంచి లేపి, రెండే అడుగులు వెనక్కి వేసి, పాదాలు సర్దుకుని దిగడం. ఇదంతా మొదటి రెప్‌లోనే ఉంది. రెండో రెప్ నుంచి మనం మొదటి రెప్ పెట్టిన పెట్టుబడి మీద వడ్డీ తింటున్నట్టే. అది చెడిపోయి ఉంటే చెడిపోయిన దాన్నే ఇంకో ఏడుసార్లు చేస్తాం.

మూడు ఎనిమిదుల్లో మొదటి రెప్ మూడు సార్లే వస్తుంది. ఎనిమిది మూళ్ళలో ఎనిమిది సార్లు వస్తుంది. వారానికి రెండు రోజులు స్క్వాట్ చేసినా, ఏడాదిలో ఆ తేడా ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌కి కాంస్యం తెచ్చింది కదా. ఆ పోటీలో ఒక్కొక్కరికి స్నాచ్‌లో (నేల నుంచి ఒక్క ఊపులో తలపైకి) మూడు అవకాశాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) మూడు. మొత్తం ఆరు రెప్స్. ఆరూ మొదటి రెప్సే, రెండోదన్నదే ఉండదు. ఆమె స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240. ఆఖరి అవకాశంలో 137.5కి వెళ్ళింది, నిలవలేదు. నిలిచి ఉంటే స్వర్ణమే. ఆ ఆఖరి ప్రయత్నాన్ని ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను. మనకు ఒలింపిక్స్ లేవు, సరే. కానీ మన జిమ్‌లో మాత్రం మొదటి రెప్‌ని ఎవరూ రెప్‌లా చూడరు. చివరి దాని దగ్గరికి చేరడానికి మెట్టు, అంతే.

ఇప్పుడు బరువు సంగతి. ఎన్ని రెప్స్ చేశామో దాన్నిబట్టి ఒక్క రెప్‌కి గరిష్ఠంగా ఎంత లేపగలమో అంచనా వేసే సూత్రం ఒకటుంది, ఎప్లీ సూత్రం అంటారు. రెప్స్‌ని ముప్ఫైతో భాగించి, ఒకటి కలిపి, ఎత్తిన బరువుతో హెచ్చించడమే. మహా కచ్చితమేం కాదు. రెప్స్ పదికి మించితే నమ్మొద్దు. కానీ చేతికింద ఉండాల్సిన లెక్క. తొంభై కిలోలు విడిగా ఒక్క సెట్‌గా పది సార్లు చెయ్యగలిగేవాణ్ణి. అంటే గరిష్ఠం నూట ఇరవై దగ్గర. అదే సూత్రం ప్రకారం వంద కిలోలైతే ఆరు చెయ్యగలగాలి. చూశాను, ఆరే అయ్యాయి.

అందుకని వంద కిలోలతో మూడేసి చేశాను. ఆరు చెయ్యగలిగిన చోట మూడే చేసి బార్ ర్యాక్‌లో పెట్టెయ్యడం. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ. ఎనిమిది సెట్లు. మొత్తం ఎత్తిన బరువు 2,400 కిలోలు. పాత పద్ధతిలో తొంభైతో ఇరవై నాలుగంటే 2,160. అంటే పది కిలోలు ఎక్కువ బరువుతో, మొత్తం కూడా ఎక్కువే ఎత్తి, ఒక్క ఎర్ర చుక్క లేకుండా బయటికొచ్చాను. ఆ రోజు నోట్‌బుక్‌లో ఎనిమిది "బాగుంది"లు వరసగా ఉన్నాయి. అకౌంటెంటు కళ్ళకి అంతకంటే అందమైన పేజీ ఉండదు.

పది ఎక్కడి నుంచి వచ్చింది

"మూడు పదులు సార్, అందరూ చేసేదే" అంటారు ట్రైనర్లు. ఈ అందరూ ఎవరు, ఎప్పటి నుంచి చేస్తున్నారు అని కాస్త తవ్వితే అది ఆసుపత్రిలో తేలింది, జిమ్‌లో కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికుల తొడ కండరాలు తిరిగి గట్టిపడటానికి బరువులతో వ్యాయామం చేయించాడు. 1945లో ఆయన రాసిన పద్ధతి పదేసి రెప్స్‌తో ఏడు నుంచి పది సెట్లు. తర్వాత అంత అక్కర్లేదని తేలి, 1948లో వాట్కిన్స్ అనే వైద్యుడితో కలిసి దాన్ని మూడుకి కుదించాడు. ఇక్కడే మనవాళ్ళు వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ మూడు సెట్లూ ఒకే బరువుతో కాదు. పది సార్లు ఎత్తగలిగే బరువులో సగంతో మొదటి సెట్, ముప్పావుతో రెండోది, పూర్తి బరువుతో మూడోది. అంటే నిజంగా కష్టపెట్టే సెట్ ఒక్కటే! మిగతా రెండూ మనం వామప్ అనుకునేవే. మనం ఆ మూడింటినీ పూర్తి బరువుతో చేసి, మూడో సెట్ మధ్యలో నలిగిపోతున్నాం. వైద్యుడు రాసింది ఒక మాత్ర, మనం వేసుకుంటున్నది మూడు.

1962లో రిచర్డ్ బెర్గర్ అనే ఆయన బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ని పైకి తొయ్యడం) మీద తొమ్మిది రకాల లెక్కలు పోల్చి చూశాడు. సెట్లు ఒకటి, రెండు, మూడు. రెప్స్ రెండు, ఆరు, పది. పన్నెండు వారాలు కాలేజీ కుర్రాళ్ళతో చేయిస్తే బలం విషయంలో మూడు ఆరులు ముందు నిలిచాయి. దీన్ని పట్టుకుని ఆరే దైవం అనేవాళ్ళున్నారు. నాకంత భక్తి లేదు. ఆ పోలికలో ఎనిమిది మూళ్ళు లేనే లేవు, ఎవరూ మూడు సెట్లు దాటలేదు.

నాకు బాగా నచ్చింది సోవియట్ వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ప్రిలెపిన్ పట్టిక. మేటి లిఫ్టర్ల శిక్షణ రికార్డులు చూసి కట్టింది. మాలాంటి పద్దుల మనిషే అనిపిస్తుంది. గరిష్ఠంలో ఎనభై నుంచి తొంభై శాతం బరువు పెడితే సెట్‌కి రెండు నుంచి నాలుగు రెప్స్, మొత్తం పదిహేను దగ్గర. పదికి తగ్గకుండా, ఇరవైకి మించకుండా. గమనించండి, ఇన్ని సెట్లు అని రాయలేదు. మొత్తం రాశాడు, ఒక్కో సెట్‌కి హద్దు రాశాడు. సెట్ల సంఖ్య దానంతటదే వస్తుంది.

ఇక్కడ నాకే ఒక ఇబ్బంది ఉంది. దాచను. ఆ పట్టిక స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌ల కోసం. వాళ్ళు పైకి ఎత్తిన బార్‌ని కింద పడేస్తారు, మనలా మెల్లగా దించుకోరు. స్క్వాట్‌కి దాన్ని ఉన్నదున్నట్టు దించెయ్యకూడదు. పైగా నా వంద కిలోలు నూట ఇరవైలో ఎనభై మూడు శాతం. ఆ లెక్కన మొత్తం ఇరవై దాటకూడదు. నేను ఇరవై నాలుగు చేస్తున్నాను. ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో చివర్లో చెబుతాను.

పెద్దాయన, కళాసీ

ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడకకి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. కుర్రతనంలో తాలింఖానాలో కసరత్తు చేసిన మనిషి. నా లెక్క విని నవ్వారు. "మూడా? మూడు కూడా ఒక లెక్కేనా బాబూ? మేం బస్కీలు వందల్లో తీసేవాళ్ళం." అప్పుడు మేమున్నది బీచ్ రోడ్డు మీద కోడి రామ్మూర్తి నాయుడి విగ్రహం దగ్గర. ఆ విగ్రహం ముందు నిలబడి మూడు రెప్స్‌ని సమర్థించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇంటికొచ్చాక తట్టింది సమాధానం. ఎప్పుడూ ఇంతే. బస్కీలో ఎత్తేది మన ఒంటి బరువే, అది వందసార్లైనా తియ్యొచ్చు, తీస్తే దమ్ము పెరుగుతుంది. కానీ రామ్మూర్తి నాయుడు ఛాతీకి గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంపేవాడని చెప్పుకుంటాం కదా. అది ఎన్ని సార్లు? ఒక్కసారే. ఊపిరి బిగబట్టడం, ఒక్క ఉదుటు. అదే మన మొదటి రెప్. ఈ మాట పెద్దాయనకి ఇంకా చెప్పలేదు. చెబితే ఇంకోటేదో అంటారు.

జ్ఞానాపురం వైపు గోడౌన్ దగ్గర లోడింగ్ చూస్తూ నిలబడాల్సి వచ్చింది ఒకరోజు, ఆఫీసు పని మీదే. కళాసీలు యాభై కిలోల బస్తాలు లారీకి ఎక్కిస్తున్నారు. ఒక్కో బస్తా ఒక్కో రెప్. వెనక్కి నడిచొచ్చేదే రెస్ట్. నాకు అన్నీ సెట్లూ రెప్స్‌లాగే కనిపిస్తాయి, ఏం చెయ్యను. వాళ్ళలో వయసు మళ్ళిన ఒకాయన్ని అడిగాను, రోజూ ఇంత బరువు ఎలా మోస్తారని. "బస్తా బరువు కాదు బాబూ" అన్నాడు. "ఈపు మీద ఎక్కడ కూకుందో అదీ బరువు." నా మూడేళ్ళ నోట్‌బుక్ సారాంశం ఒక్క వాక్యంలో.

దీన్ని ఇక్కడితో ఆపేస్తే బాగా కుదిరిన పిట్టకథ అవుతుంది. కానీ ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మెట్టు మీద కూర్చుని మోకాలికి చుట్టిన గుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. లేవడానికి లారీ చక్రం పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన పని ఇన్ని అయ్యాక ఆగేది కాదు. నేను ఇరవై నాలుగు దగ్గర ఆగి ఇంటికెళ్ళి గుడ్లు తినొచ్చు, ఆయన బస్తాలు అయిపోయేదాకా ఆగకూడదు. సెట్లు చిన్నవైనంత మాత్రాన కీళ్ళు క్షేమం కాదు, మొత్తానికి హద్దు ఉండాలి. ఆ రోజు నుంచి కూలిపనిని వ్యాయామంతో పోల్చడం మానుకున్నాను. పైన పోల్చింది కూడా కొట్టేద్దామనుకున్నాను, ఆ వాక్యం కోసం ఉంచాను.

అడ్డు ప్రశ్నలు

మొదటిది టైమ్. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. 2014లో షోన్‌ఫెల్డ్ అనే వ్యాయామ పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన అధ్యయనంలో ఒక జట్టు ఏడు మూళ్ళు, ఇంకో జట్టు మూడు పదులు చేసింది, మొత్తం ఎత్తిన బరువు ఇంచుమించు సమానంగా ఉండేట్టు. ఎనిమిది వారాల తర్వాత కండ ఇద్దరికీ ఒకేలా పెరిగింది. బలం ఏడు మూళ్ళవాళ్ళకి ఎక్కువ పెరిగింది. ఇక్కడిదాకా చదివితే నాకు పండగే. కానీ మూడు పదులవాళ్ళ సెషన్ పదిహేడు నిమిషాల్లో అయిపోతే ఏడు మూళ్ళవాళ్ళకి డెబ్భై నిమిషాలు పట్టింది. కీళ్ళ నొప్పులని ఇద్దరు మధ్యలో మానేశారు, ఇద్దరూ హెవీ జట్టువాళ్ళే.

ఈ కీళ్ళ సంగతి నన్ను కొన్నాళ్ళు వేధించింది. తర్వాత తేడా ఎక్కడుందో అర్థమైంది. వాళ్ళు చేసిన మూడు, మూడే చెయ్యగలిగే బరువుతో. నాలుగోది లేవదు. నాది ఆరు లేచే బరువుతో మూడు. మూడు అన్న అంకె ఒకటే, లోపల మిగిలింది వేరు. అంచేత సెట్ ఎంత పొడవు అన్నదానికంటే, బార్ ర్యాక్‌లో పెట్టేటప్పుడు ఇంకా ఎన్ని మిగిలాయన్నది ముందు చూడాలి. రెండు మూడు మిగలాలి. ఒకటే మిగిలితే ఆ రోజుకి బరువు ఎక్కువైనట్టు. నాలుగైదు మిగిలితే అది హెవీ కాదు, మనల్ని మనం మోసం చేసుకోవడం. ఈ మిగులు కొలవడానికి మీటర్ లేదు. మొదట్లో అందరం తప్పే చెబుతాం. ఆరు నెలలు రాసుకుంటూ, అప్పుడప్పుడూ ఒక సెట్ నిజంగా చివరిదాకా లాగి సరిచూసుకుంటే అంచనా దారికొస్తుంది.

రెండోది రద్దీ. మా మద్దిలపాలెం జిమ్‌లో స్క్వాట్ ర్యాక్ ఒక్కటే. సాయంత్రం ఆరున్నరకి దాని దగ్గర రేషన్ షాపు క్యూలా ఉంటుంది. "అన్నా, ఇంకెన్ని సెట్లు?" అని అడుగుతాడు ఒక కుర్రాడు. "ఐదు" అంటే వాడి మొహం చూడాలి. కొన్నాళ్ళు తిట్లు తిన్నాక దారి దొరికింది. ముగ్గురం కలిసి చెయ్యడమే. మూడు రెప్స్‌కి పదిహేను సెకన్లు చాలు. నేను చేశాక ప్లేట్లు మార్చి ఇంకొకడు, తర్వాత మూడోవాడు, మళ్ళీ నేను. ప్లేట్లు మార్చడంలోనే రెండు నిమిషాలు గడిచిపోతాయి. పది రెప్స్ సెట్లతో ఇది కుదరదు. పది చేసినవాడు బార్ మీద వాలిపోయి కదలడు.

మూడోది మా వాడు అడిగిందే. "మూడు రెప్స్‌కి పంప్ రాదు కదా మావయ్యా?" పంప్ అంటే కసరత్తు చేస్తుంటే కండ ఉబ్బినట్టు అవడం. రాదు. అద్దంలో చూసుకుంటే లోపలికి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నామో బయటికొచ్చినప్పుడూ అలాగే ఉంటాం. పంప్ కావాలంటే దానికి వేరే చోటుంది, చెబుతాను. ఆ నిరాశ మాత్రం నిజమే. మొదటి రెండు నెలలు నేనేమీ చెయ్యనట్టే ఇంటికెళ్ళేవాణ్ణి.

విశాఖలో ఉండేవాళ్ళకి ఇంకో సంగతి. మే నెల సాయంత్రం, ఏసీ లేని జిమ్, సముద్రం నుంచి వచ్చే ఉక్కపోత. ఒంటి మీద చెమట ఆరదు. ఎనిమిది రెప్స్ సెట్‌లో సగం నుంచే బార్ అరచేతిలో జారుతుంది. చాక్ పౌడర్ తీస్తే "ఫ్లోరంతా ముగ్గేస్తున్నారా సార్" అంటారు. మూడు రెప్స్ అయితే తువ్వాలుతో తుడుచుకున్న చేతులకి మళ్ళీ చెమట పట్టేలోపే పని అయిపోతుంది. డిసెంబరు పొద్దుటపూట ఈ వాదన చెల్లదు. అప్పుడు మీ ఇష్టం.

అన్నిటికీ కాదు

డెడ్‌లిఫ్ట్‌కి నేను ఎనిమిది మూళ్ళు చెయ్యను. నడుము అంత తొందరగా తేరుకోదు, నాది మరీను. రెండేసి చొప్పున ఐదు సెట్లు, అదీ వారానికి ఒక్కసారి. బెంచ్‌కి నాలుగేసి చొప్పున ఆరు. భుజాల మీంచి ఎత్తే ప్రెస్‌కి ఐదు, అప్పుడప్పుడూ ఆరు కూడా, ఎందుకంటే అక్కడ బరువులే చిన్నవి, రెండున్నర కిలోలు కలిపినా పెద్ద గంతు. ఇక రోయింగ్, లెగ్ కర్ల్, పిక్కలు, భుజాల పక్కలకి చేసే డంబెల్స్ లాంటివాటికి పదులు, పదిహేనులే. అక్కడ మొదటి రెప్‌కి పెద్ద పనితనం లేదు, ఊపిరి బిగబట్టి గొలుసు తెంపనక్కర్లేదు. పంప్ అక్కడ దొరుకుతుంది. డంబెల్‌తో లాటరల్ రెయిజ్ మూడేసి చేసేవాణ్ణి ఒకణ్ణి చూశాను. నా మాట విన్నవాడేనేమో అని భయమేసింది.

కొత్తవాళ్ళకి కూడా ఇది కాదు. హెవీ అంటే ప్లేట్ల మీద రాసున్న అంకె కాదు, మన గరిష్ఠంలో ఎంత అన్నది. మా వాడు నలభై కిలోలతో చేస్తున్నాడు. వాడి గరిష్ఠం నెలనెలా మారిపోతోంది. వాడికి ఇప్పుడే సెట్లు ఎనిమిదికి పెంచడం దండగ. మూడు ఐదులు చేసి, ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచుకుంటూ పోతే చాలు. ఎప్పుడైతే ఐదోది అసహ్యంగా లేవడం మొదలవుతుందో అప్పుడు వచ్చి అడగమన్నాను.

ఇదంతా ఆ మర్నాడు ఫోన్ చేసి వాడికి చెప్పాను. ఐదైదులు అన్నది తొందరపాటు మాట అని కూడా ఒప్పుకున్నాను. వాడు విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"ఎనిమిదే ఎందుకు మావయ్యా? ఏడైతే ఏం? ఆరైతే ఏం?"

ఇదీ ఆ నాలుగు రెప్స్ కథ. నిజం చెబితే, పాత పద్ధతిలో ఇరవై నాలుగు చేసేవాణ్ణి కాబట్టి ఇరవై నాలుగు. అందుకోసం దాన్ని మూడుతో భాగించాను. ఎనిమిది వచ్చింది. అంతకు మించి కారణం లేదు. కిందటి సంవత్సరం బడ్జెట్‌లో ఉన్న అంకెనే ఈ సంవత్సరమూ వేసెయ్యడం లాంటిది. అది చేసేవాళ్ళని ఆఫీసులో నేనే కసురుతుంటాను.

వాడితో ఆ మాట అనలేదు. "అనుభవం మీద తెలుస్తుందిలే" అన్నాను పెద్దరికంగా. ఆ వారం నుంచి ఆరు సెట్లకి దించాను. పద్దెనిమిది రెప్స్, ప్రిలెపిన్ గీసిన హద్దు లోపలే. ఇప్పటికి ఐదు వారాలైంది. బార్ మీద బరువు 105కి వచ్చింది, ఎర్ర చుక్కలు లేవు, ర్యాక్ దగ్గర కుర్రాళ్ళు నవ్వుతూ పలకరిస్తున్నారు. పైన శీర్షిక మాత్రం మార్చలేదు. మా వాడు ఈ బ్లాగు చదువుతాడు.